ఆ సామెత అక్కడ చెల్లదు

అమ్మా,

గుణుపూర్ నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. చక్కటి చేతిరాత. కానీ చివరి వాక్యం చదివాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. అంటార్కిటికా మంచు అడుగున ఉన్న సరస్సుల గురించి ఆరు పేజీలు రాసి, 'నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు' అని ముగించావు. అక్కడ ఆ సామెత చెల్లదు తల్లీ. చెల్లదని రెండో పేజీలో నువ్వే రాశావు!

వాన వెలిశాక కళ్ళంలో టార్పాలిన్ కింద చేరిన నీళ్ళని కాలితో నొక్కి చూశావా? పల్లంలోకే పోవు. బరువు తక్కువున్న వైపుకి, ఒక్కోసారి ఎత్తుకి కూడా ఉరుకుతాయి. అక్కడా అంతే. మంచు మందంగా ఉన్నచోట నుంచి పలచగా ఉన్నచోటికి నీళ్ళు తోసుకుపోతాయి. నేల వాలు కంటే పైనున్న మంచు వాలుకి దాదాపు పదింతల బలం. అందుకే ఆ నీళ్ళు గుట్టలెక్కుతాయి. అసలు వ్యాసం ఇక్కడే మొదలవ్వాలి. నువ్వేమో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

ఇక 'మంచు దుప్పటి కప్పుకుని నిద్రిస్తున్న సరస్సులు' అని నాలుగుచోట్ల అన్నావు. దుప్పటికి ఒప్పుకుంటాను. అక్కడి వోస్తోక్ పరిశోధన కేంద్రంలో 1983 జులైలో మైనస్ 89.2 డిగ్రీల చలి నమోదైంది. దాని కింద దాదాపు 4 కిలోమీటర్ల మంచు, ఆ అడుగున 250 కిలోమీటర్ల పొడవు సరస్సు. భూమి లోపలి వేడిని మంచు బయటికి పోనివ్వదు. పైగా అంత బరువు కింద నీరు మైనస్ 3 దగ్గర కూడా గడ్డకట్టదు. మరి నిద్రేమిటి? కొన్ని సరస్సులు ఏళ్ళ తరబడి నిండి, పొర్లి, ఇంకో సరస్సులోకి ఖాళీ అయిపోతాయి. పైన మంచు మీటర్ల లెక్కన లేచి దిగుతుంది. ఉపగ్రహాలు పట్టుకున్నది ఆ కదలికనే. 2013లో అక్కడే విలన్స్ అనే సరస్సు మీది 800 మీటర్ల మంచుకి కన్నం వేసి నీళ్ళు తీస్తే, అందులో బతికున్న సూక్ష్మజీవులు దొరికాయి. నిద్రపోయే ఇంట్లో ఇంత సందడా?

ఒక మాట తయారుగా నోటికొచ్చిందంటే ముందు దాన్ని అనుమానించు. ఇదే చెప్పి చెప్పి నేను సగంమంది స్నేహితుల్ని పోగొట్టుకున్నాను.

నా తొలి వ్యాసం మా ఊరి వెనక పారే గెడ్డ గురించి. వానలకి అది ఏ గట్టుని ఎలా కోస్తుందో మూడు వర్షాకాలాలు చూసి రాశాను. వారపత్రిక సంపాదకుడు ఆ కోత సంగతంతా కోసేసి, 'గెడ్డ'ని 'నిర్ఝరిణి' చేసి అచ్చేశాడు. మా నాన్న చదివి, "ఇది ఏ నదిరా, ఎక్కడుంది?" అన్నాడు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోట్లాడిన పర్లాకిమిడిలో కూర్చుని రాసినవాడికి పట్టిన గతి ఇది! ఆ సంపాదకుడు పోయాడు గానీ నా కోపం పోలేదు. ఇప్పటివాళ్ళ గోల వేరు, ప్రతి శీర్షికలోనూ 'మిస్టరీ' ఉండాలట.

కలం పేరు గురించి ఏదో అడిగావు. తర్వాత చూద్దాం.

రెండో పేజీని ముందుకి తెచ్చి మళ్ళీ రాయి. ఈసారి పోస్టు ఖర్చు పెట్టుకోకు, ఫోన్లో పంపు. కళ్ళజోడు మార్పించాను, చదవగలను.

మీ మాస్టారు