పాఠ్యేతర కార్యక్రమాల వల్ల విదేశీ భాష నేర్చుకోవాలన్న ఆసక్తి నిజంగా పెరుగుతుందా?

పెరుగుతుంది, అయితే అన్ని కార్యక్రమాల వల్లా కాదు. నాటకాలకూ సినిమా ప్రదర్శనలకూ భాషా క్లబ్బులకూ వెచ్చించే సమయం పాఠాలకు నష్టం కాదా అన్న మీ సందేహం చాలామంది ఉపాధ్యాయులకు కూడా ఉంది. కళాశాల విద్యార్థులకు చాలా ఏళ్లు ఫ్రెంచ్ బోధించిన అనుభవంతో జవాబిస్తున్నాను. ఆ భాష వాడితే తప్ప పూర్తికాని పనిని విద్యార్థికి అప్పగించే కార్యక్రమమే ఆసక్తిని నిలబెడుతుంది. వేదిక అలంకరించి, అతిథి ప్రసంగంతో ముగించే భాషా దినోత్సవం ఆ పూటకు సందడిగా ఉంటుందే తప్ప, మర్నాటి తరగతిలో దాని ప్రభావం నాకెన్నడూ కనబడలేదు.

నాటకం సంగతి వేరు. తరగతిలో ఒక వాక్యాన్ని మూడోసారి పలకమంటే విసుక్కునే విద్యార్థులే, రిహార్సల్‌లో అదే వాక్యాన్ని కోపంగా, వెటకారంగా, భయంగా పలుకుతూ పదేపదే సాధన చేసేవారు. ముక్కుతో పలకాల్సిన ఫ్రెంచ్ అచ్చులంటే సిగ్గుపడేవారికి, తప్పు పలికినా అది పాత్ర మీదికి పోతుందన్న ధీమా ఉండేది. ఒక విద్యార్థిని తన సంభాషణలో క్రియారూపం ఎందుకు మారిందో చెప్పమని పట్టుబట్టడంతో, సిలబస్‌లో చాలా దూరాన ఉన్న సబ్‌జంక్టివ్ (కోరిక, సందేహం వంటివి తెలిపే క్రియారూపం) పాఠాన్ని ముందే చెప్పవలసి వచ్చింది. వ్యాకరణం కోసం విద్యార్థులే వెంటపడటం ఉపాధ్యాయ వృత్తిలో అరుదైన సుఖం.

సినిమాలకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెడితే కళ్లు వాటి మీదే ఉంటాయి, కాబట్టి ఫ్రెంచ్ సబ్‌టైటిల్సే పెట్టండి.

నా దృష్టిలో వీటన్నిటికంటే ముఖ్యమైనది మార్కుల విషయం. క్లబ్బు హాజరుకు ఇంటర్నల్ మార్కులు కలిపిన ఏడాది గది నిండింది కానీ, మాట్లాడేవారు తగ్గిపోయారు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలపై చేసిన ప్రయోగం ప్రచురించారు. బహుమతి ఇస్తామని ముందుగా మాటిచ్చి గీయించిన పిల్లలు ఆ తర్వాత ఖాళీ సమయంలో గీయడం తగ్గించారు, చెప్పకుండా బహుమతి అందుకున్నవారిలో మాత్రం ఆ తగ్గుదల లేదు. అందుచేత సర్టిఫికెట్ ఇవ్వదలచుకుంటే నిరభ్యంతరంగా ఇవ్వండి, కానీ ముందుగా ప్రకటించకండి.

ఉద్యోగం కోసమో, విదేశీ చదువు కోసమో భాష నేర్చుకునేవారి ప్రేరణ తక్కువ రకమని నేను అనుకోను. అలాంటివారిని కళాభిరుచి పేరుతో పిలిస్తే రారు. డెల్ఫ్ అనే ఫ్రెంచ్ భాషా సామర్థ్య పరీక్షలో మొత్తం 100 మార్కులకు 25 మార్కులు మాట్లాడటానికే ఉన్నాయనీ, ఆ సాధన పుస్తకం ముందు కూర్చుంటే జరగదనీ చెబితే వస్తారు. వచ్చాక కొందరు పరీక్ష అయిపోయినా మానరు.

అక్షరాలు దిద్దుతున్న దశలో ఉన్నవారిని మాత్రం సంభాషణ క్లబ్బులో కూర్చోబెట్టవద్దు, ఇతరుల ధారాళత చూసి వారు మరింత ముడుచుకుపోతారు. వారికి ఒకే ఒక్క వాక్యమున్న పాత్ర ఇవ్వండి. ఏడాదిలో ఒక్క కార్యక్రమానికే వీలుంటే పది నిమిషాల నాటిక చాలు, దాన్ని ఎంచుకునే పని కూడా విద్యార్థులకే వదిలేయండి.