హైపర్-వి హోస్ట్‌పై యాంటీవైరస్: దేన్ని స్కాన్ చేయాలి, దేన్ని వదిలేయాలి?

ప్రశ్న: మా సంస్థలో విండోస్ సర్వర్ 2019 ఉన్న రెండు సర్వర్లపై హైపర్-వి అనే విండోస్ సదుపాయంతో 14 వర్చువల్ మెషిన్లు (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) నడుపుతున్నాం. వాటి ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో మేము పెట్టుకున్న ఫోల్డర్‌లో ఉన్నాయి. ఈమధ్య ఆ రెండు సర్వర్లలోనూ, అంటే హోస్ట్‌లలోనూ, బయటి కంపెనీ యాంటీవైరస్ వేశాం. తరువాత రీస్టార్ట్ చేస్తే రెండు మెషిన్లు స్టార్ట్ కాలేదు; చివర 704సీ8 అని ఉన్న ఎర్రర్ వచ్చింది. యాంటీవైరస్ తీసేస్తే స్టార్ట్ అయ్యాయి. హోస్ట్‌పై యాంటీవైరస్ ఉండి తీరాలని ఆడిటర్ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, హనుమకొండ

జవాబు: ఆడిటర్ గారి మాట న్యాయమైనదే. యాంటీవైరస్ తీసేయనక్కర్లేదు, దానికి ఏవి ముట్టుకోకూడదో చెబితే చాలు.

నడుస్తున్న ప్రతి వర్చువల్ మెషిన్‌కూ హోస్ట్‌పై వీఎండబ్ల్యూపీ అనే ప్రాసెస్ ఒకటి ఉంటుంది; టాస్క్ మేనేజర్ తెరిస్తే ఎన్ని మెషిన్లు నడుస్తున్నాయో అన్నిసార్లు ఆ పేరు కనిపిస్తుంది. మెషిన్‌ను స్టార్ట్ చేసేటప్పుడు దాని డిస్క్ అయిన వీహెచ్‌డీఎక్స్ ఫైల్‌ను హైపర్-వి తెరవాలి. సరిగ్గా అదే క్షణంలో స్కానర్ కూడా ఆ ఫైల్‌ను తెరిచి పట్టుకుని కూర్చుంటే, ఇంకొకరి చేతిలో ఉన్న ఫైల్‌పై ఈ పని కుదరదని విండోస్ తిప్పికొడుతుంది. మీకు వచ్చిన ఎర్రర్ అర్థం అదే. చెక్‌పాయింట్‌ను (మెషిన్ ఒకానొక క్షణంలో ఉన్న స్థితిని దాచుకున్నదాన్ని) తొలగించినప్పుడు, ఆ తరువాతి మార్పులున్న ఏవీహెచ్‌డీఎక్స్ ఫైల్ అసలు డిస్క్‌లో కలిసే వేళ కూడా ఇలాంటి తగాదా రావచ్చు.

పోనీ ఆ స్కాన్ వల్ల ప్రయోజనం ఉందా అంటే, దాదాపు లేదు. నడుస్తున్న మెషిన్ డిస్క్ హోస్ట్‌లోని స్కానర్‌కు ఒకే ఒక్క పెద్ద ఫైల్‌గా కనిపిస్తుంది తప్ప, అందులోని ఫోల్డర్లూ ఫైళ్లూ విడివిడిగా కనిపించవు. లోపలి వైరస్‌ను పట్టవలసింది లోపలి యాంటీవైరసే కాబట్టి 14 మెషిన్లలోనూ అది విడిగా ఉండాలి. అన్నింటికీ పూర్తి స్కాన్‌ను ఒకే రాత్రి ఒకే సమయానికి పెట్టకండి. అందరూ ఒకే డిస్క్‌లపై పడితే బ్యాకప్ కూడా నత్తనడక నడుస్తుంది.

హోస్ట్‌పై మినహాయింపులు ఇవ్వాల్సినవి: మెషిన్ల ఫైళ్లున్న మీ డి డ్రైవ్ ఫోల్డర్, చెక్‌పాయింట్లు వేరే చోట ఉంటే ఆ ఫోల్డర్, సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా కింద ఉండే హైపర్-వి ఫోల్డర్. ప్రాసెస్‌లలో వీఎంఎంఎస్ (మెషిన్లన్నింటినీ నిర్వహించే హైపర్-వి సర్వీస్), వీఎండబ్ల్యూపీలను పేరుతో సరిపెట్టకుండా సిస్టమ్32తో కూడిన పూర్తి పాత్ ఇచ్చి చేర్చండి. పేరు మాత్రమే ఇస్తే, అదే పేరు పెట్టుకుని వచ్చిన దొంగ ప్రోగ్రామ్‌కూ దారి ఇచ్చినట్టవుతుంది. రెండు సర్వర్లనూ ఒకటి ఆగితే రెండోది పని అందుకునేలా క్లస్టర్‌గా కలిపిన రోజున, ఉమ్మడి డిస్క్‌లు కనిపించే క్లస్టర్‌స్టోరేజ్ ఫోల్డర్ కూడా జాబితాలో చేరుతుంది.

వీహెచ్‌డీఎక్స్, ఐఎస్ఓ (డీవీడీ నకలు) వంటి ఫైల్ రకాలను సర్వర్ మొత్తం మీద మినహాయించమనే సలహా తరచూ వినిపిస్తుంది. నా మటుకు నేను దాన్ని ఫోల్డర్ దాకానే పరిమితం చేస్తాను. డౌన్‌లోడ్స్‌లోకి ఎక్కడి నుంచో వచ్చిపడిన ఐఎస్ఓను వదిలేయడానికి కారణం కనిపించదు.

విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ అయిన విండోస్ డిఫెండర్ సంగతి చాలామంది మరచిపోతారు. సర్వర్ 2016 నుంచి అది హైపర్-వికి కావలసిన మినహాయింపులను తనంతట తానే ఇచ్చుకుంటుంది గాని, ఫోల్డర్ల విషయంలో అవి విండోస్ మొదటే నిర్ణయించిన (డిఫాల్ట్) ఫోల్డర్లకే వర్తిస్తాయి, అదీ ఫైల్ తెరిచినప్పుడల్లా జరిగే రియల్‌టైమ్ స్కాన్‌కే. మీ డి డ్రైవ్ ఫోల్డర్ దానికి తెలియదు. పైగా ఇంట్లో వాడే విండోస్‌లో లాగా, సర్వర్‌లో బయటి యాంటీవైరస్ వేయగానే డిఫెండర్ తప్పుకోదు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎఫ్ఎల్‌టీఎంసీ అని కొట్టండి, ఫైళ్ల రాకపోకలను గమనించే ఫిల్టర్ల జాబితా వస్తుంది; డిఫెండర్‌కు చెందిన డబ్ల్యూడీఫిల్టర్, కొత్త కంపెనీ ఫిల్టర్ రెండూ కనిపిస్తే, ప్రతి ఫైల్‌నూ ఇద్దరు కాపలాదారులు తడుముతున్నారన్నమాట. అప్పుడు రోల్స్ అండ్ ఫీచర్స్ ద్వారా డిఫెండర్‌ను తీసేయండి, లేదా దాన్నే ఉంచుకుని కొత్తదాన్ని వదులుకోండి.

మినహాయింపులను ముందు ఒక్క హోస్ట్‌పై పెట్టి, అక్కడి మెషిన్లను ఆపి, రీస్టార్ట్ చేసి చూడండి. ఏదైనా మెషిన్ హైపర్-వి మేనేజర్ జాబితాలోనే కనబడకపోతే కంగారుపడి కొత్తది తయారు చేయకండి. ముందు యాంటీవైరస్ క్వారంటైన్‌లో (అనుమానమున్న ఫైళ్లను విడిగా బంధించే చోట) దాని ఫైల్ ఇరుక్కుందేమో వెతికి, ఉంటే వెనక్కి తెప్పించి, వీఎంఎంఎస్ సర్వీస్‌ను రీస్టార్ట్ చేయండి.