రాత్రి జరిగిన వార్త పొద్దున పేపర్లో ఎందుకు ఉండదు?

మారుమూల ఊళ్లకు వచ్చే పేపరు మామూలుగా అర్ధరాత్రికి ముందే అచ్చుకు వెళ్లిపోతుంది, ఆ తర్వాత జరిగింది అందులోకి ఎక్కదు. ప్రెస్‌కి దూరంగా ఉన్న ఊళ్ల కాపీలు ముందు కొట్టాలి, కట్టలు కట్టి వ్యానెక్కించాలి, తెల్లారేలోపు ఏజెంటుకు అందాలి. దీన్ని డాక్ ఎడిషన్ అంటారు (డాక్ అంటే టపా). టౌను కాపీలు ఆఖర్న. ఉదాహరణకు రాత్రి 11.30కి ముగిసిన క్రికెట్ మ్యాచ్ ఫలితం నెల్లూరు టౌన్ కాపీలో ఉంటుంది, ఉదయగిరిలో టీ కొట్టు బల్ల మీదున్న కాపీలో సగం స్కోరే ఉండొచ్చు, పేపరు పేరూ తేదీ ఒకటే అయినా సరే. చాలామంది విలేకరి నిద్రపోయాడనో, పేపరోళ్లు కావాలనే తొక్కేశారనో అనుకుంటారు. తొక్కేసే వార్తలూ లేకపోలేదు గానీ ఇది అది కాదు. పాపం విలేకరి ఫోన్ చేసేసరికే డెస్కులో (వార్తలు దిద్ది పేజీలు పెట్టే చోట) పేజీని అచ్చుకు పంపేసి ఉంటారు.