మంచు మీద పోటీ, మార్కుల లెక్క: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఫిగర్ స్కేటింగ్ మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇద్దరి చుట్టూనే తిరిగాయి. ఒకరు జపాన్ స్కేటర్ యుజురు హన్యూ, మరొకరు స్పెయిన్‌కు చెందిన హవియెర్ ఫెర్నాండెజ్. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను హన్యూ అభిమానిని, మా చెల్లె ఫెర్నాండెజ్ అంటది. 2016 బోస్టన్ ప్రపంచ పోటీల్ల షార్ట్ ప్రోగ్రామ్ అయ్యేసరికి హన్యూ 12 పాయింట్లు ముందున్నడు. ఆఖరుకు 20 పాయింట్ల దాకా తేడాతోటి ఓడిండు. జడ్జీలు మొగ్గు చూపిన్రని నేనంట, కాదని చెల్లె. ఇంట్ల రోజూ ఇదే లొల్లి. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఈ విషయంలో మీ చెల్లెలి మాటే నిజం. పోటీలో రెండు భాగాలుంటాయి, ముందు షార్ట్ ప్రోగ్రామ్, తర్వాత ఫ్రీ స్కేటింగ్. రెండింటి మార్కులూ కలిపితే ఫలితం. అంకెలు చూడండి. షార్ట్‌లో హన్యూకు 110.56, ఫెర్నాండెజ్‌కు 98.52. ఫ్రీ స్కేటింగ్‌లో ఫెర్నాండెజ్‌కు 216.41 వస్తే హన్యూ 184.61 దగ్గర ఆగాడు. మొత్తం 314.93, 295.17. ఫ్రీ స్కేటింగ్ నిడివిలోనూ మార్కుల్లోనూ షార్ట్ కంటే చాలా పెద్దది. జంప్‌లు ఎక్కువ, కళాత్మకతకు ఇచ్చే కాంపొనెంట్ మార్కులు దాదాపు రెట్టింపు. అందుకే షార్ట్‌లో సంపాదించిన 12 పాయింట్లు ఫ్రీలో రెండు మూడు జంప్‌లు చెడితే హారతి కర్పూరమే. ఆ రోజు ఫెర్నాండెజ్ క్వాడ్‌లు, అంటే గాల్లో నాలుగు చుట్లు తిరిగే జంప్‌లు, శుభ్రంగా దిగాడు. హన్యూ సాల్కౌ అనే జంప్ దగ్గర తడబడ్డాడు. అప్పటికే ఎడమ పాదం లిగమెంట్ గాయంతో ఉన్నాడని తర్వాత తెలిసింది.

జడ్జీల సంగతి కూడా చెప్పాలి. తొమ్మిది మంది మార్కులు వేస్తారు. ప్రతి అంశంలోనూ అందరికంటే ఎక్కువ వేసినదీ తక్కువ వేసినదీ తీసేసి, మిగిలిన ఏడింటి సగటు పట్టుకుంటారు. ఒక జడ్జి మొగ్గు చూపినా దాని ప్రభావం పాయింట్లో కొద్ది భాగమే. 20 పాయింట్ల తేడా అలా పుట్టదు.

మీ మనసు తేలికపడే సంగతి ఒకటుంది. మరుసటి ఏడు, 2017లో హెల్సింకీలో కథ సరిగ్గా తిరగబడింది. షార్ట్‌లో ఫెర్నాండెజ్ 109.05తో మొదటి స్థానం, హన్యూ 98.39తో ఐదో స్థానం. ఫ్రీలో హన్యూ 223.20 సాధించాడు, అప్పటికి అది ప్రపంచ రికార్డు. మొత్తం 321.59తో బంగారు పతకం హన్యూకు దక్కింది, ఫెర్నాండెజ్ నాలుగో స్థానానికి జారాడు. బోస్టన్‌నూ హెల్సింకీనీ పక్కపక్కన పెట్టి మీ అక్కాచెల్లెళ్లు ఒకసారి చూడండి.

ప్రశ్న: ఒకే కోచ్ దగ్గర ఇద్దరు ప్రపంచ చాంపియన్లు ఎట్లా ఇమిడారు? స్నేహం కెమెరాల కోసమేనా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: కెమెరాల కోసం ఆరేళ్లు ఎవరూ నటించలేరు. ఫెర్నాండెజ్ 2011లో టొరంటోలోని క్రికెట్ క్లబ్‌లో బ్రయన్ ఓర్సర్ దగ్గర చేరాడు. హన్యూ 2012లో పదిహేడేళ్ల వయసులో అక్కడికి వెళ్లాడు. ఆ నిర్ణయానికి ఒక కారణం ఫెర్నాండెజే. అతని క్వాడ్ సాల్కౌను రోజూ దగ్గర నుంచి చూస్తూ నేర్చుకోవచ్చని వెళ్లాడు. ప్రత్యర్థి ఎక్కడ సాధన చేస్తే అక్కడికే పోవడం ధైర్యమున్న పని.

ఓర్సర్‌కు ఈ పోటీ బాధ స్వయంగా తెలుసు. 1984, 1988 ఒలింపిక్స్ రెండింటిలోనూ అతనికి వెండి పతకమే దక్కింది. 1988 కాల్గరీలో అమెరికన్ బ్రయన్ బోయిటానో చేతిలో వెంట్రుకవాసి తేడాతో ఓడాడు. అందుకే ఇద్దరు శిష్యుల్లో ఒకరు గెలిచిన రోజున రెండోవాడి పక్కన ఎలా నిలబడాలో అతనికి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

ఫలితాల పట్టిక చూసినా ఇద్దరూ ఒకరినొకరు పైకి లాగిన తీరు కనిపిస్తుంది. 2015 షాంఘై ప్రపంచ పోటీల్లో ఫెర్నాండెజ్ 273.90, హన్యూ 271.08. అదే ఏడాది డిసెంబరులో బార్సిలోనా గ్రాండ్ ప్రి ఫైనల్లో, ఫెర్నాండెజ్ సొంత దేశంలో, హన్యూ 330.43 చేశాడు. ఫెర్నాండెజ్ 292.95తో రెండో స్థానంలో నిలిచాడు. తొమ్మిది నెలల్లో ఇద్దరి మార్కులూ ఎక్కడి నుంచి ఎక్కడికి చేరాయో గమనించండి. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో హన్యూ 317.85తో వరుసగా రెండో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. పురుషుల్లో 1948, 1952లో డిక్ బటన్ తర్వాత అది సాధించింది హన్యూనే. అతని దేశస్థుడు షోమా ఉనో 306.90తో వెండి, ఫెర్నాండెజ్ 305.24తో కంచు. స్పెయిన్‌కు ఫిగర్ స్కేటింగ్‌లో తొలి ఒలింపిక్ పతకం అదే. మార్కులు వెలువడ్డాక ముగ్గురూ ఒకరినొకరు కావలించుకున్న దృశ్యం ఆ పోటీల్లో మాకు అన్నిటికంటే ఇష్టమైనది.

ప్రశ్న: టీవీలో జంప్ పేరు చెప్పేలోపు అయిపోతున్నది. ఏది ఏ జంపో గుర్తుపట్టే ఉపాయం చెప్పగలరా?
– ఒక విద్యార్థి, జగిత్యాల

జవాబు: గాల్లో తిరిగేటప్పుడు చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. చూడాల్సింది నేల విడిచే క్షణం. బ్లేడు అడుగున మధ్యలో సన్నటి గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు ఉంటాయి. పాదం లోపలివైపున్నది లోపలి అంచు, బయటివైపున్నది బయటి అంచు. బ్లేడు ముందు భాగంలో రంపపు పళ్లలాంటివి ఉంటాయి, అవే టో పిక్. జంప్ పేరు తేల్చేవి ఈ రెండే: ఏ అంచు మీద నుంచి లేచాడు, టో పిక్ గుచ్చాడా లేదా.

మొదట యాక్సెల్ పట్టుకోండి, అది తేలిక. పోటీల్లో చేసే ఆరు రకాల జంప్‌లలో ముందుకు చూస్తూ లేచేది అదొక్కటే. వెనక్కి దిగాలి కాబట్టి అర చుట్టు అదనం. ట్రిపుల్ యాక్సెల్ అంటే మూడున్నర చుట్లు. మిగిలిన ఐదూ వెనక్కి వెళ్తూ లేచేవే. హన్యూ, ఫెర్నాండెజ్ ఇద్దరూ చాలామంది లాగే ఎడమవైపుకు తిరిగి కుడికాలి మీద దిగుతారు. కింది వివరం అలాంటివారి గురించి.

టో పిక్ గుచ్చకుండా లేచేవి సాల్కౌ, లూప్. సాల్కౌలో ఎడమకాలి లోపలి అంచు మీద ఉండి, కుడికాలిని చుట్టూ ఊపి లేస్తారు. ఆ ఊపే గుర్తు. లూప్‌లో కుడికాలి బయటి అంచు మీద, కుర్చీలో కూర్చోబోతున్నట్టు మోకాలు వంచి, అదే కాలితో లేస్తారు. క్వాడ్ లూప్‌ను పోటీలో మొట్టమొదట విజయవంతంగా దిగింది హన్యూనే, 2016లో.

టో పిక్ గుచ్చేవి మూడు. టో లూప్‌లో ఎడమకాలి పళ్లు గుచ్చుతారు. కాంబినేషన్‌లో, అంటే ఒకదాని వెంటనే ఇంకో జంప్ చేసేటప్పుడు, రెండోది ఎక్కువసార్లు ఇదే, కాబట్టి అక్కడ మొదట దీన్నే అనుకోండి. ఫ్లిప్, లట్జ్ రెండింటిలోనూ గుచ్చేది కుడికాలే. ఫ్లిప్‌కు ఎడమకాలి లోపలి అంచు, లట్జ్‌కు బయటి అంచు. లట్జ్ ముందు స్కేటర్ రింక్ మూలవైపు వెనక్కి పొడుగ్గా జారుతూ వస్తాడు. ఒళ్లు ఒకవైపు వంపు తీస్తుంటే జంప్ దానికి ఎదురు దిశలో తిరుగుతుంది. చివరి క్షణంలో చీలమండ లోపలికి వాలితే అది తప్పుడు అంచు. మార్కుల పత్రంలో పక్కన ఇంగ్లీషు 'e' గుర్తు పడుతుంది.

యూట్యూబ్‌లో వేగం 0.25కు తగ్గించి, ఒకే ప్రోగ్రామ్‌ను పాదాలు మాత్రమే చూస్తూ తిప్పండి. మొదటి వారం యాక్సెల్, సాల్కౌ, టో లూప్ మూడే వెతకండి. ఆరూ ఒకేసారి మొదలుపెట్టినవాళ్లు ఫ్లిప్, లట్జ్ దగ్గర విసిగి మానేస్తారు.

ప్రశ్న: కింద పడినా క్వాడే చేస్తరు. పడ్డదానికి మార్కులెందుకు? దాని బదులు ట్రిపుల్ చేసుకుంటే లాభం కదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: లెక్క వేసి చూద్దాం. క్వాడ్ సాల్కౌ మూల విలువ 9.7, ట్రిపుల్ సాల్కౌ 4.3. జడ్జీలు అమలు నాణ్యతకు −5 నుంచి +5 దాకా వేస్తారు. ఒక్కో మెట్టుకు మూల విలువలో పది శాతం కలుస్తుంది లేదా పోతుంది.

క్వాడ్ బాగా దిగి సగటున +3 వస్తే 9.7 + 2.91 = 12.61. చుట్లు పూర్తిచేసి పడిపోతే −5, అంటే 4.85 పోయి 4.85 మిగులుతుంది. పడినందుకు విడిగా ఇంకో పాయింటు కోత, చేతికొచ్చేది 3.85. ఇదే ట్రిపుల్ +3తో దిగితే 4.3 + 1.29 = 5.59. కాబట్టి మీ మాటలో నిజముంది. పడిన క్వాడ్ కంటే మంచి ట్రిపుల్ మేలు. కానీ దిగితే వచ్చే లాభం ఏడు పాయింట్లు, పడితే నష్టం రెండు పాయింట్ల లోపే. సగం సార్లు దిగగలిగినవాడు కూడా క్వాడే ఎంచుకుంటాడు.

చుట్టు తక్కువైతే వేరే లెక్క. పావు చుట్టు కంటే ఎక్కువ, అర చుట్టు కంటే తక్కువ లోటుంటే పత్రంలో ఒక బాణం గుర్తు, మూల విలువ 80 శాతమే. అర చుట్టు, ఆపైన లోటుంటే రెండు బాణాలు, క్వాడ్‌ను ట్రిపుల్‌గానే లెక్కిస్తారు. పడటం కంటే చాలాసార్లు ఎక్కువ నష్టం చేసేది ఈ రెండు బాణాలే. టీవీలో మామూలు వేగంలో కనిపించదు కాబట్టి "బాగానే దిగాడు, మార్కులు రాలేదు" అని అభిమానులు కోపగించుకునేది ఇక్కడే. ప్రతి పోటీ తర్వాత ఐఎస్‌యూ (అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య) ఫలితాల పేజీలో జడ్జీల మార్కుల పీడీఎఫ్ పెడతారు. మాట అనేముందు అది తెరిచి బాణాలు చూడాలి.

ఇంకో జాగ్రత్త: 2018 వేసవి వరకు నాణ్యత మార్కులు −3 నుంచి +3 దాకానే, మూల విలువలూ వేరు. పురుషుల ఫ్రీ స్కేటింగ్ నాలుగున్నర నిమిషాలు ఉండేది, ఇప్పుడు నాలుగు. జంప్ అవకాశాలు ఎనిమిది నుంచి ఏడుకు తగ్గాయి. హన్యూ 330.43నూ 2022 బీజింగ్‌లో నేథన్ చెన్ 332.60నూ పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అని వాదించడం సరికాదు.

ప్రశ్న: పోటీల సమయం ఎప్పుడూ తప్పుతున్నది. మొన్న లేచేసరికి అయిపోయింది.
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి ఏడంటే మనకు మధ్యాహ్నం మూడున్నర. మధ్య యూరప్ చలికాలంలో మనకంటే నాలుగున్నర గంటలు వెనక, అంటే అక్కడి ఏడు మనకు రాత్రి పదకొండున్నర. అమెరికా తూర్పు తీరం పదిన్నర గంటలు వెనక. అక్కడి శనివారం రాత్రి ఏడు మనకు ఆదివారం తెల్లవారుజామున ఐదున్నర. తేదీ మారడం మరిచిపోయి పోటీ తప్పిపోయేవాళ్లే ఎక్కువ. ప్రపంచ పోటీలు జరిగే మార్చిలో ఇంకో చిక్కు: అమెరికాలో రెండో ఆదివారం, యూరప్‌లో ఆఖరి ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు. అప్పుడు తేడా ఒక గంట తగ్గుతుంది.

ప్రశ్న: విదేశంలో ఉన్న మా అన్నయ్య పోటీ చూడ్డానికి వెళ్తున్నాడు. స్కేటర్‌కు పూలు, బొమ్మలు విసరొచ్చా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: నిర్వాహకులు అనుమతిస్తేనే. టికెట్ నిబంధనలు ముందే చదవమనండి. విసరనిస్తే బొమ్మలు మెత్తనివై ఉండాలి, గుండీలు, పూసలు, మెరుపు పొడి లేనివి. పూలను పూర్తిగా ప్లాస్టిక్‌లో చుట్టి మూతి కట్టాలి. విడిగా వేస్తే ఒక రేకు మంచుకు అతుక్కుంటుంది. తర్వాతి స్కేటర్ బ్లేడు దాని మీద పడితే జారి పడతాడు. ఆ తర్వాతివాడు మీ అన్నయ్య అభిమాన స్కేటర్‌కు ప్రత్యర్థి అయినా ఇది నిజంగా పట్టించుకోవాల్సిన విషయం. హన్యూ ప్రోగ్రామ్ అయ్యాక 'విన్నీ ద పూ' అనే కార్టూన్ ఎలుగుబంటి బొమ్మలు వానలా కురిసేవి, పిల్లలు పరుగెత్తి ఏరేవారు. ప్యాంగ్‌చాంగ్‌లో పడిన వాటిని అక్కడి సేవాసంస్థలకు ఇచ్చేశారు. ఫ్లాష్ ఫొటోలు మాత్రం ఎక్కడా వద్దు.

ప్రశ్న: మా పాప (9 ఏళ్లు) రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటున్నది. హన్యూ వీడియోలు చూసి జంప్‌లు చేస్తానంటున్నది. వరంగల్‌లో మంచు రింక్ లేదు కదా, ఏం చేయాలి?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లోనూ ఇవే జంప్‌లు ఉంటాయి, కాబట్టి చక్రాల మీదే మొదలుపెట్టవచ్చు. అయితే స్పీడ్ స్కేట్లతో వద్దు. వాటి పొడవాటి ఫ్రేము, పెద్ద చక్రాలు వేగానికి పనికొస్తాయి. గుచ్చి లేవడానికి ముందు స్టాపర్ ఉండదు, చీలమండకు ఊతం తక్కువ. ఎత్తు బూటు, మడమ, రెండు వరుసల్లో నాలుగు చక్రాలు, ముందు రబ్బరు స్టాపర్ ఉన్న ఆర్టిస్టిక్ స్కేట్లు కావాలి. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని ఒక సైజు పెద్దవి కొనకండి. లోపల మడమ కదిలితే దిగేటప్పుడు చీలమండ మెలిపడుతుంది. పలుచటి సాక్సుతో, నిలబడినప్పుడు వేళ్లు ముందు తాకీ తాకనట్టుండాలి.

ముందు నేల మీద, స్కేట్లు లేకుండా, చాప పరిచి నేర్పించండి. రెండు కాళ్లతో ఎగిరి అర చుట్టు, తర్వాత ఒక చుట్టు. చేతులు ఛాతీకి దగ్గరగా. ఒంటికాలి మీద దిగి, మోకాలు వంచి మూడు అంకెలు లెక్కపెట్టేదాకా నిలవాలి. నిలవలేకపోతే చుట్టు పెంచొద్దు. స్కేట్ల మీద మొదటిది వాల్ట్జ్ జంప్, అంటే ముందుకు లేచి అర చుట్టుతో వెనక్కి దిగడం. ఆ తర్వాతే సింగిల్ సాల్కౌ, టో లూప్. దిగేది ఎప్పుడూ ఒకే కాలి మీద కాబట్టి ఆ మోకాలి మీద భారం ఎక్కువ. మోకాలు, మడమ నొప్పి అంటే ఆ రోజు ఆపేయాలి. సిమెంటు నేలమీది దుమ్ము చక్రాన్ని జార్చేస్తుంది, ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. హెల్మెట్, మణికట్టు గార్డులు తప్పనిసరి.

సింగిల్ జంప్‌లు నిలకడగా వచ్చాక, సెలవుల్లో కాజీపేటలో ఢిల్లీ రైలెక్కి గురుగ్రామ్ వంటిచోట మంచు రింక్ మీద కొన్ని రోజులు తిప్పించవచ్చు. వెళ్లేముందు రింక్ తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

ప్రశ్న: హన్యూ, ఫెర్నాండెజ్ ఇద్దరూ ఇప్పుడు పోటీల్లో లేరు. ఇంక ఎవరిని చూడాలి?
– ఒక పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: ఫెర్నాండెజ్ 2019 జనవరిలో వరుసగా ఏడో యూరోపియన్ టైటిల్ గెలిచి ఆపేశాడు. హన్యూ 2022 జూలైలో పోటీల నుంచి తప్పుకుని ప్రొఫెషనల్ అయ్యాడు. 2023 ఫిబ్రవరిలో టోక్యో డోమ్‌లో ఒక్కడే ప్రదర్శన ఇచ్చాడు. బీజింగ్‌లో అతను ప్రయత్నించి పడిన క్వాడ్ యాక్సెల్‌ను 2022 సెప్టెంబరులో అమెరికన్ ఇలియా మలినిన్ శుభ్రంగా దిగాడు. అతన్ని చూడండి. జపాన్ నుంచి యుమా కగియామాను చూడండి, మోకాళ్లలో ఆ మెత్తదనం ఇంకెవరికీ లేదు. ఇంకా ముందునుంచే ఎవరినైనా పట్టుకోవాలంటే, ఆగస్టు ఆఖరు నుంచి జరిగే జూనియర్ గ్రాండ్ ప్రి పోటీలు ఐఎస్‌యూ యూట్యూబ్ చానల్లో ఉచితంగా వస్తాయి.