తుప్పు పని మొదలుపెట్టే ముందు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీర్వదించి రాయునది.

నాన్న మారుతీ 800కి తుప్పు పని నువ్వే చేస్తానంటున్నావని మొన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రేకు రుద్దే గ్రైండర్ కూడా కొన్నావట. తుక్కు కింద అమ్మేయకుండా ఆ బండిని నీ చేత్తో బాగుచేసుకోవాలనుకున్నందుకు ఎంత సంతోషపడ్డానో. మీ అత్తకి రెండుసార్లు చెప్పాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఒకటే టెన్షన్. లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు ఆ బండి సింగ్‌నగర్‌లో సీట్ల దాకా నీళ్లలో ఉంది. వరద తీశాక ఇంజిన్ చూపించారు, సీట్లు ఎండబెట్టారు. కార్పెట్ కింద ఫెల్ట్, అంటే దళసరి గుడ్డ, ఉంటుందని ఎవరికీ గుర్తు రాలేదు. అది నీళ్లు పీల్చుకుని నెలల తరబడి ఫ్లోరుకి అతుక్కుని ఉంటుంది. కాబట్టి ముందు కార్పెట్, ఫెల్ట్ మొత్తం పీకేయి. స్క్రూడ్రైవర్ పిడితో రేకు మీద కొట్టుకుంటూ పో. మంచి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు దప్పుమంటుంది. దప్పుమన్నచోట మొనతో గట్టిగా పొడువు. దిగిపోతే దిగిపోనీ, పెయింటు పాడవుతుందని జాలిపడకు.

బ్యాటరీ తీసి పక్కన పెట్టు. గ్రైండర్ పట్టినప్పుడు కళ్లద్దాలు, మాస్కు ఉండాలి. డోర్ల అడుగున నీళ్లు పోయే కన్నాలు మట్టితో మూసుకుపోయి ఉంటాయి, సన్న తీగతో పొడిచి తెరువు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. మీ నాన్న ఎడమచేతి చిటికెన వేలు ఎందుకు వంకర? కారు డోరు పడిందని చిన్నప్పటి నుంచీ వింటున్నావు. డోరు కాదురా, నా పని.

1992లో మీ నాన్న ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. నీ పుట్టువెంట్రుకలకి తిరుపతి వెళ్లాలి, బండి చూసిపెట్టమని నా దగ్గరికి తెచ్చాడు. ఎడమ పక్క రన్నింగ్ బోర్డు, అంటే డోర్ల కింద పొడుగునా ఉండే రేకు, తినేసి ఉంది, అరచెయ్యి పట్టేంత కన్నం. కోసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టాలంటే రెండు రోజుల పని. షెడ్డు నిండా బళ్లున్నాయి, బావేగా, తిరిగొచ్చాక చేద్దాంలే అనుకున్నాను. కన్నంలోకి న్యూస్ పేపరు కుక్కి, పైన పుట్టీ పెట్టి, నున్నగా రుద్ది, పెయింటు కొట్టి, కిందవైపు నల్లగా తారు పూశాను. కన్నం ఎక్కడుండేదో నాకే కనిపించలేదు. ఆ సంగతి బావకి చెప్పలేదు.

ఒంగోలు దాటాక పంక్చర్ అయింది. మీ నాన్న సరిగ్గా ఆ రన్నింగ్ బోర్డు కిందే జాకీ పెట్టాడు. చక్రం బయటికి లాగుతుండగా జాకీ తల పుట్టీని చీల్చుకుని లోపలికి దిగిపోయింది. బండి కూలబడింది. చెయ్యి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఇరుక్కుంది. ఇంకొక్క నిమిషం ఆగితే స్టెప్నీ సర్దడానికి తల లోపలికి పెట్టేవాణ్ణని తర్వాత నాతో అన్నాడు. ఒంగోల్లో కట్టు కట్టించుకుని, ఆ చేత్తోనే కొండెక్కి నీకు గుండు చేయించి తిరిగొచ్చాడు.

వచ్చిన మర్నాడు ఆటోనగర్ వచ్చి, ఊడిన పుట్టీ పెళ్ల ఒకటి నా బల్ల మీద పెట్టాడు. వెనకవైపు పేపరు అక్షరాలు తిరగేసి అచ్చుపడి ఉన్నాయి. ఒక్క మాట తిట్టలేదు. "మీ అక్కకి డోరు పడిందని చెప్పాను, నువ్వూ అదే చెప్పు" అని వెళ్లిపోయాడు. పోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు.

అందుకే చెప్తున్నా అల్లుడూ. మారుతీకి లారీలాగా అడుగున విడిగా ఛాసిస్ చట్రం ఉండదు, ఆ రేకే దాని ఎముకలు. రన్నింగ్ బోర్డూ, సీటు బెల్టు బిగించే చోటూ పుట్టీ తగలకూడదు. పుచ్చిన రేకుని మంచి రేకు తగిలేదాకా కోసెయ్యి. 20 గేజీ రేకు సరిపోతుంది. వెల్డింగ్ నువ్వు పెట్టకు, ఆటోనగర్లో సీఓటూ గ్యాస్‌తో పల్చటి రేకుకి పెట్టే వెల్డింగ్ ఉన్నచోటికి తీసుకెళ్దాం. వరసగా లాగేయకుండా ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టమను, లేకపోతే వేడికి రేకు వంకర్లు పోతుంది. దానికి ముందు పెట్రోలు ట్యాంకు దింపించాలి. ఖాళీయే కదా అనుకోకు, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలేది.

రుద్దిన రేకుని ఆ రాత్రికి వదిలేయకు. కృష్ణ ఒడ్డు గాలి, తెల్లారేసరికి ఎర్రబడిపోతుంది. అదే రోజు చెమ్మ తగలనివ్వని ఎపాక్సీ ప్రైమర్ కొట్టు. పుట్టీ దాని పైనే, అదీ డోర్ల మీద సొట్టలు సరిచేయడానికి పల్చగా, రెండు మూడు మిల్లీమీటర్లు. పుట్టీ చెమ్మ పీలుస్తుంది, ఉత్త రేకు మీద పెడితే కిందనుంచి మళ్లీ తుప్పు లేస్తుంది. అతుకు వేసిన రన్నింగ్ బోర్డు లోపలికి కన్నాల్లోంచి మైనం స్ప్రే కొట్టాలి. తారు మాత్రం తుప్పు మీద పూయకు. నేను పూశాను.

నిన్న మీ అమ్మకి అంతా చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. తర్వాత, "జాకీ సంగతి వాడికి గట్టిగా చెప్పు" అంది.

గట్టిగానే చెప్తున్నా. ఉత్త జాకీ మీద నిలబడ్డ బండి కింద చెయ్యి కూడా పెట్టకు. ఆదివారం పొద్దున్న గుంటూరు నుంచి మొదటి బస్సుకే వస్తున్నాను. బండిని మోసే నాలుగు స్టాండ్లు తెస్తున్నా. ఎక్కడ పెట్టాలో ఇద్దరం పొడిచి చూసుకుని పెడదాం. అప్పటిదాకా కార్పెట్ వరకే పీకు, గ్రైండర్ పెట్టె విప్పకు.

మామయ్య