రివాల్వర్ మొరాయించదన్న మాట నమ్మకండి

"పిస్టల్ అయితే మధ్యలో ఇరుక్కుంటుంది గానీ రివాల్వర్ ఎన్నడూ మొరాయించదంటారు, నిజమేనా? పాడైతే ఎవరి దగ్గర బాగు చేయించాలి?" అని ఒకరు అడిగారు.

నిజం కాదు. మా నాన్నగారి తదనంతరం నా లైసెన్సులోకి వచ్చిన పాత .32 రివాల్వర్‌తో పడిన పాట్లను బట్టి చెబుతున్నాను. ఒక తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ లాగగానే తర్వాతి గది ఎదురుకు వస్తుందన్నంత వరకే ఆ మాటలో నిజముంది. ఈ గదులుండే గుండ్రని సిలిండరే బిగుసుకుపోయిందంటే మాత్రం పిస్టల్‌లా అక్కడికక్కడ సవరించుకోవడం దాదాపు కుదరదు, ఆయుధాలు బాగుచేసే మేస్త్రి పనిముట్లతో కూర్చోవలసిందే.

మా రివాల్వర్‌కు వచ్చిన జబ్బు విచిత్రమైనది. రైఫిల్ క్లబ్బులో ట్రిగ్గర్‌ను నేరుగా లాగితే టిక్కుమని ఊరుకునేది. బొటనవేలితో వెనకనున్న సుత్తిలాంటి హ్యామర్‌ను వెనక్కి లాగిపెట్టి ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కితే చక్కగా పేలేది. చూసినవారంతా తూటాలు పాతబడ్డాయని తేల్చేశారు. కొత్త పెట్టె కొన్నా తీరు మారలేదు. చివరకు హైదరాబాదులో లైసెన్సు ఉన్న ఒక వృద్ధ మేస్త్రి దగ్గరకు తీసుకువెళ్తే, ఆయన రివాల్వర్‌ను పక్కన పెట్టి ముందుగా పేలని తూటాలు, పేలిన ఖోళ్ళు అడిగి తీసుకుని భూతద్దం కింద వరుసగా పేర్చారు. పేలినవాటి ప్రైమర్ మీద, అంటే దెబ్బ తగలగానే మందును అంటించే అడుగు బిళ్ళ మీద, లోతైన గుంట ఉంది. పేలనివాటి మీద వేలిగోటితో నొక్కినంత గుర్తు మాత్రమే ఉంది. హ్యామర్‌ను చేతితో లాగినప్పుడు అది మరికొంత వెనక్కి వెళ్ళి బలంగా కొడుతుందనీ, నేరుగా ట్రిగ్గర్ లాగినప్పుడు ఆ దెబ్బ తగ్గుతుందనీ, కాబట్టి లోపం తూటాలో లేదనీ చెప్పి, పిడి చెక్కలు విప్పి హ్యామర్‌ను ముందుకు నెట్టే మెయిన్ స్ప్రింగ్ బయటకు తీశారు. దాని అంచు పొడవునా ఆకురాయి గీతలున్నాయి. ట్రిగ్గర్ మెత్తబడాలని ఎవరో ఎప్పుడో దాన్ని అరగదీశారు. అది చాలదన్నట్లు మా ఇంట్లో ఏళ్ళ తరబడి రాసిన కొబ్బరినూనె లోపల పసుపుపచ్చని జిగురుగా పేరుకుని హ్యామర్‌ను మరింత నెమ్మదింపజేసింది.

ఒక ఖోలు మీద ప్రైమర్‌ను కొట్టే సూది గుర్తు మధ్యలో కాక పక్కకు ఉండటం కూడా ఆయనే చూపించారు. సిలిండర్‌ను తిప్పే నక్షత్రాకారపు చక్రంలో ఒక పన్ను అరిగి, ఆ గది గొట్టానికి సూటిగా నిలవడం లేదు. ఇది స్ప్రింగు లోపం కంటే ప్రమాదకరం, ఎందుకంటే గుండు గొట్టం అంచుకు ఒరుసుకుని సీసపు తునకలు పక్కలకు చిమ్ముతాయి. పాత నమూనాకు విడిభాగాలు దొరకవు కనుక ఆయన స్ప్రింగును ఉక్కు పట్టీ నుంచి స్వయంగా తయారుచేశారు. ఆ పని తెలిసినవారు ఇప్పుడు అరుదు, వారి పిల్లలు ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి ఇష్టపడటం లేదు.

నా ఉద్దేశంలో రివాల్వర్లు వాడటం వల్ల కంటే వాడకుండా దాచడం వల్లనే ఎక్కువ పాడవుతున్నాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషన్‌లో డిపాజిట్ చేసిన ఆయుధం తోలు ఒరలోనే నెలల తరబడి పడి ఉంటుంది. తోలు తేమను పట్టి ఉంచడం వల్ల ఉక్కుకు తుప్పు, తూటాల ఇత్తడికి చిలుము పడతాయి. అప్పగించేటప్పుడు ఒర నుంచి తీసి, పలుచగా ఆయుధాల నూనె పట్టించి, పొడి గుడ్డలో చుట్టి ఇవ్వండి.

ట్రిగ్గర్ లాగినా తూటా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఎప్పటి చప్పుడు కాక చిన్నగా తుస్సుమంటే మళ్ళీ పేల్చకండి, గుండు గొట్టంలోనే చిక్కుకుని ఉండవచ్చు.

ఇక బాగు చేయించడం సంగతి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆయుధాల మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి కాబట్టి, లేత్ మిషన్ ఉన్న ప్రతివాడి చేతిలో పెట్టడం తెలివితక్కువే కాదు, నేరం కూడా. ఇచ్చేటప్పుడు ఆయుధం నంబరు రాసిన రసీదు తీసుకోండి. తిరిగి తీసుకునే ముందు ఆరు గదులనూ, ట్రిగ్గర్ నేరుగా లాగి ఒకసారి, హ్యామర్ వెనక్కి పెట్టి ఒకసారి, మీ ఎదుటే పరీక్షించమని అడగండి. అందుకు నసిగే దుకాణానికి రెండోసారి వెళ్ళకండి.