పిచ్చర్‌ని అంపైర్ చెయ్యకు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. కాలేజీలో బేస్‌బాల్ పిచ్చర్‌గా, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడిగా ఆడి, తర్వాత రాష్ట్ర జడ్జి అయిన మనిషి గురించి తెలుగులో రాయాలన్న ఆలోచన బాగుంది. అమెరికాలో ఉంటూ మన సంక్రాంతి సంబరాల గురించి రాసేవాళ్లకు కొదవ లేదు. పక్క వీధిలోని కోర్టులోకి తొంగి చూసేవాళ్లే తక్కువ. అందుకే కాస్త గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోకు.

"మైదానంలో న్యాయంగా ఆడినవాడు న్యాయస్థానంలోనూ..." అన్న మొదటి వాక్యం కొట్టెయ్. పాఠకుడు అక్కడే పేజీ తిప్పేస్తాడు. ఆ తర్వాత జడ్జిని అంపైర్‌తో పోల్చావు. 2005లో జాన్ రాబర్ట్స్ అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి కోసం సెనెట్ కమిటీ ముందు కూర్చున్నప్పుడు, తన పని అంపైర్‌లా బాల్స్ (గీత తప్పిన బంతులు), స్ట్రైక్స్ (సరిగ్గా పడ్డవి) చెప్పడమే గానీ బంతి వెయ్యడమో బ్యాట్ పట్టడమో కాదన్నాడు. అప్పట్నుంచి అందరూ ఆ మాటను నమిలి నమిలి పిప్పి చేశారు. పైగా నీ మనిషి అంపైర్ కాదు కదా! అంపైర్ తీర్పులకు తలొగ్గి బతికినవాడు.

ఆయన్ని పిచ్చర్ బంతి విసిరే ఆ మట్టి దిబ్బ మీద నిలబెట్టి చూపించు. 60 అడుగుల 6 అంగుళాల దూరంలో బ్యాటర్ పక్కన నేలలో పరిచిన, 17 అంగుళాల వెడల్పున్న పలక, అదే ప్లేటు. బంతి దాని మీదుగా, బ్యాటర్ మోకాళ్లకీ ఛాతీకీ మధ్యలో వెళ్తే స్ట్రైక్. రూల్ బుక్‌లో అంత స్పష్టంగానే ఉంటుంది. ఆటలో మాత్రం మోకాలి దగ్గరి బంతికి ఒక అంపైర్ స్ట్రైక్ ఇస్తాడు, ఇంకొకాయన ఇవ్వడు. ఇవాళ ఈయన గీత ఎక్కడుందో పిచ్చర్ మొదటి ఇన్నింగ్స్‌లోనే కనిపెట్టాలి. వాదిస్తే బయటికి పంపేస్తారు. మొహంలో ఏమీ కనబడనివ్వకుండా, బ్యాటర్ వెనకుండే క్యాచర్ తిరిగి విసిరిన బంతి అందుకుని మళ్లీ వెయ్యాలి. ఇప్పుడు జడ్జిగా ఆయన ఎదుట లాయర్లు నిలబడి, ఈ జడ్జిగారి గీత ఎక్కడుందా అని వెతుక్కుంటూ ఉంటారు. ఆ సంగతి ఆయన్ని అడగాల్సింది. నువ్వేమో మీ బెస్ట్ మ్యాచ్ ఏదని అడిగొచ్చావు.

మనవాళ్లకు బేస్‌బాల్ తెలియదని రెండు పేజీల రూల్స్ ఎందుకు? పరుగెత్తకుండా నిలబడి, నేలకు తగలకుండా విసురుతాడని రాస్తే చాలు. క్రికెట్ చూసే జనం మిగతాది అల్లుకుపోతారు.

వాళ్లకు నిజంగా వింతగా తోచే సంగతిని మాత్రం ఒక్క ముక్కలో దాటేశావు. అక్కడ చాలా రాష్ట్రాల్లో జడ్జీలు ఓట్లడిగి గెలుస్తారు! మన దగ్గర జడ్జి ఓటడగడానికి గుమ్మంలోకి రావడం ఊహకైనా అందుతుందా? అలన్ పేజ్ గురించి చదువు. ఆయనది అమెరికన్ ఫుట్‌బాల్. మిన్నెసోటా వైకింగ్స్ టీమ్ డిఫెన్స్‌లో ఆడి 1971లో ఎన్ఎఫ్ఎల్ (ఆ ఆట ప్రొఫెషనల్ లీగ్) అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. ఆడుతూనే లా చదివి 1978లో పట్టా పుచ్చుకున్నాడు. 1981లో ఆట మానేసి, ఆ తర్వాత కొన్నేళ్లు మిన్నెసోటా రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులో పనిచేశాడు. 1992లో రాష్ట్ర సుప్రీంకోర్టు సీటుకి నిలబడదామనుకుంటే, అందులో ఉన్న జడ్జి పదవీకాలాన్ని గవర్నర్ పొడిగించి, ఎన్నికే లేకుండా చేశాడు. పేజ్ కేసు వేశాడు. అది తమ కోర్టు సీటు గొడవే కాబట్టి జడ్జీలు తప్పుకుంటే, వాళ్ల స్థానంలో వేరేవాళ్లు విన్నారు. కేసూ గెలిచాడు, ఎన్నికా గెలిచాడు. ఆ కోర్టులో మొదటి నల్లజాతి జడ్జి ఆయనే. 70 ఏళ్లు నిండి 2015లో దిగిపోయేదాకా ఉన్నాడు.

నాకైతే ఇందులో 1971 అవార్డు కన్నా, ఒకవైపు సీజన్ నడుస్తుంటే ఇంకోవైపు లా పుస్తకాలు చదివిన రోజుల మీదే ఆసక్తి. నీ వ్యాసంలో ఆ భాగమే గల్లంతు. "తర్వాత లా చదివి జడ్జి అయ్యారు" అని ఊరుకున్నావు. ప్రొఫెషనల్ టీముల వాళ్లెవరైనా నీ జడ్జిగారి ఆట చూడ్డానికి వచ్చారా? ఇక బంతి వెయ్యనని ఎప్పుడు తేల్చుకున్నాడు? మోచెయ్యి చెప్పిందా, మార్కులు చెప్పాయా, ఇంట్లోవాళ్లు చెప్పారా? "స్ఫూర్తిదాయకం" అని రాసిన ప్రతిచోటా వీటిలో ఒక జవాబు పెట్టు.

ఇంకోసారి వెళ్లినప్పుడు ముందు కోర్టు హాల్లో వెనక బెంచీ మీద ఒక పూట కూర్చో. సాధారణంగా ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. లాయర్ సాగదీస్తున్నప్పుడు ఆయన చెయ్యి ఏం చేస్తోందో చూడు. నడుస్తున్న కేసుల ఊసెత్తకు, ఆయన మాట్లాడకూడదు. ఎత్తావంటే ఇంటర్వ్యూ అక్కడితో సరి.

ఆయన ఎన్నికల కరపత్రం ఎవరి దగ్గరైనా దొరుకుతుందేమో వాకబు చెయ్యి. దాని మీద బేస్‌బాల్ ఫొటో ఉంటే వ్యాసం అక్కణ్ణుంచి ఎత్తుకో. లేకపోతే, ఓట్లు తెచ్చే ఫొటో ఎందుకు వేసుకోలేదో ఆయన్నే అడుగు. సవరించిన ప్రతి పండగలోపు పంపితే చూసి పెడతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య